కొసరుకు ఒక గడి

ముత్తుకూరు రోడ్డు మీద ఎండుచేపలు, రొయ్యల పచ్చడి పార్సెళ్ళు పంపే దుకాణంలో నేను పనిచేశాను. మొదట చేపలు ఆరబెట్టే దగ్గర, తర్వాత ప్యాకింగులో, చివరి ఏళ్ళలో పార్సెల్ గదికి పెద్దగా. నడుము కూర్చోనివ్వక మానేశాను. చదివింది నాలుగో తరగతి. అంకెలు కూడడం, తీసేయడం, పేపరు చదవడం వచ్చు. ఈమధ్య ఆ గదిలో కొత్తగా ఇద్దరు ఆడపిల్లలు చేరారు. ఇంటికొచ్చి, ఆ పని ఎట్లా ఉంటుందో చెప్పమన్నారు. నోటితో చెబితే గుమ్మం దాటేసరికి సగం మరిచిపోతారు. అందుకని రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఎవరికంటే పెద్ద అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ పని రాదు.

పని ఇంతే

ఫోనులో ఆర్డరు వస్తుంది. ఫలానా ఊరికి ఇన్ని నెత్తళ్ళ చేపలు, ఇన్ని ఎండు రొయ్యలు కావాలంటారు. పంపే చార్జీ ఎంతో మనం అప్పటికప్పుడు చెప్పాలి. కొరియరు వాళ్ళు అసలు ఎంత తీసుకున్నారో నెలాఖరు బిల్లులో తెలుస్తుంది. ముందు చెప్పిందీ తర్వాత పడిందీ ఒకటిగా ఉండేట్టు చూడడమే పార్సెల్ గది పని. తక్కువ చెబితే దుకాణం మోయాలి. ఎక్కువ చెబితే ఆ మనిషి రెండోసారి ఫోను చేయడు. మిగతాదంతా టేపు అంటించడం.

బస్సుల మీద పార్సెళ్ళు వేసిన రోజుల్లో ఈ బాధ లేదు. గంప చూసి కండక్టరు ఒక మాట అనేవాడు, మేమొక మాట అనేవాళ్ళం, మధ్యలో ఎక్కడో తెగేది. కొరియరు వచ్చాక మెట్లు వచ్చాయి. అరకిలో దాకా ఒక రేటు, కిలో దాకా ఒక రేటు, కిలో దాటి చిటికెడు ఉన్నా కిలోన్నర రేటు. ఊరు దూరమయ్యే కొద్దీ మళ్ళీ వేరు. ఆ రేట్ల కాగితం గోడకు అంటించి ఉండేది. ఊరు ఉన్న వరుస పట్టుకుని, బరువు ఉన్న నిలువు పట్టుకుని, రెండు వేళ్ళూ కలిసిన చోట ఉన్న చార్జీ చెప్పేదాన్ని. నిదానమే. కాగితంలో లేని ఊరు వస్తే వేలు ఆగిపోయేది. కొరియరు ఆఫీసుకు ఫోను చేసి అడిగేదాన్ని.

ఎక్సెల్‌లో లుకప్ అనేది కూడా ఆ వేలి పనే చేస్తుంది. పేరు చూసి భయపడకండి. ఒక పక్క రేట్ల పట్టిక ఉంటుంది. మీరు ఊరు పిన్‌కోడు, బరువు కొడితే అది పట్టికలోకి పోయి వెతికి, ఎదురుగా ఉన్న చార్జీ తెచ్చి పెడుతుంది. పిన్‌కోడు మాత్రం సరిగ్గా అదే దొరకాలి, పక్కది పనికిరాదు. బరువు అట్లా కాదు. ఏ రెండు మెట్ల మధ్య ఉందో చూసి ఆ రేటు తేవాలి. ఈ రెండు రకాల వెతుకులాటకీ తేడా తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోవద్దు.

గోపి పెట్టిన సున్నా

షీటు మొదట తయారుచేసింది గోపి అని, నెల్లూరు నుంచి రోజూ బస్సులో వచ్చే లెక్కల గుమాస్తా. తెలివైనవాడే. పట్టికలో లేని పిన్‌కోడు కొడితే ఆ గడిలో ఇంగ్లీషులో ఏవో అక్షరాలు పడేవి. దొరకలేదని దాని అర్థం. మా ఓనరు సుధాకర్ గారికి అవి కంట్లో నలుసులు. కోవూరు వైపు వరి పండించే కుటుంబం నుంచి వచ్చిన మనిషి, అన్నీ చదునుగా కనపడాలి ఆయనకు. స్క్రీను మీద ఆ పిచ్చి రాతలేంది, తీసెయ్యమన్నాడు. గోపి, దొరక్కపోతే సున్నా చూపించేట్టు మార్చేశాడు. షీటు శుభ్రంగా కనపడింది.

అండమాన్ పిన్‌కోడు మా పట్టికలో లేదు. అక్కడ పనికి పోయిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకాయన రొయ్యల పచ్చడి అడిగితే షీటు చార్జీ సున్నా అంది. ఫోను దగ్గరున్న పిల్ల సున్నా అనే చెప్పింది. ఆయన తన పక్కింటాయనకు చెప్పాడు. ఆ నెలంతా పచ్చడి సముద్రం దాటింది. ఒకామె ఫోను చేసి, మీలాంటి ధర్మాత్ములు ఈ కాలంలో లేరు తల్లీ అని నన్ను దీవించింది కూడా. ఆ దీవెన ఎంతకు కొన్నామో బిల్లు వచ్చాక తెలిసింది.

గోపిని ఆ వారమే పంపేశారు. నా మాట అడిగితే, తప్పు సగం గోపిది, సగం ఆ రాతలు కనపడకూడదన్న ఓనరుది. తెలియదు అని చెప్పే గడి నోరు మూయకండి. చూడ్డానికి బాగుండదు. అయినా అలాగే ఉండనివ్వండి.

సుధాకర్ గారి గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. జీతం ఒక్కరోజు ఆపిన మనిషి కాదు. కానీ ఏదైనా నష్టం వస్తే ఏం జరిగింది అని అడగడు. ఎవరు అని అడుగుతాడు. పేరు చెబితే ఆ మనిషిని తీసేసి, పని అయిపోయిందనుకుంటాడు. ఆయన దగ్గర పనిచేసిన ఏళ్ళన్నీ నాకు ఆ ఒక్క ప్రశ్నతోనే అలసట.

శ్రావణి

గోపి తర్వాత ఆ కుర్చీలోకి శ్రావణి వచ్చింది. కృష్ణపట్నం పక్క చేపలు పట్టే పట్టపోళ్ళ పిల్ల. నెల్లూరులో డిగ్రీ చదివింది. చదువుకునే రోజుల్లోనే సుధాకర్ గారి బావ నడిపే రొయ్యల షెడ్డులో తోలు వలిచే పనికి పోయేది. పొద్దున్నుంచీ ఐసు నీళ్ళలో చేతులు. కొందరికి ఏమీ కాదు. ఆ పిల్లకు వేళ్ళ సందులు ఒరుసుకుపోయి, గోళ్ళ మొదళ్ళు చీము పట్టాయి. మళ్ళీ షెడ్డుకి పోతే వేళ్ళు ఉండవని డాక్టరు చెప్పేశాడు. మా దగ్గర చేరిన కొత్తల్లో రెండు చేతులకీ గుడ్డ కట్లే. చూపుడు వేలు ఒక్కటి బయట పెట్టుకుని కీబోర్డు కొట్టేది.

ఆ పిల్లను మా దుకాణానికి తెచ్చింది పోలమ్మ. మా ప్యాకింగు బల్లల్లో మొదటి బల్ల పోలమ్మది. నా ఈడుది. వేళాకోళం ఎక్కువ, పని అంతకంటే ఎక్కువ. కట్లు ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం అన్నం కలిపి ఆ పిల్ల నోట్లో పెట్టింది తనే. పెడుతూ, డిగ్రీ చదివినదానికి ముద్దలు పెడతా ఉండా, ఈ లెక్కన నాకు ఏ డిగ్రీ ఇస్తారోమే అనేది.

శ్రావణి షీటును మళ్ళీ మొదటి నుంచి కట్టింది. సున్నా తీసేసి ‘అడగాలి’ అని పడేట్టు పెట్టింది. ఒట్టి అట్టపెట్టెల్ని, కవర్లను తూచి, చేప బరువుకు పెట్టె బరువు కలిపి, ఆ మొత్తాన్ని లుకప్‌కు ఇచ్చింది. నేను గోడ కాగితం మీద వేలు పెట్టి ఒక్కో పార్సెలూ సరిచూశాను. ఎక్కడా తేడా రాలేదు. కొన్ని నెలలు బిల్లు కూడా ముందు చెప్పినట్టే పడింది.

తొమ్మిది వందల గ్రాములు

అప్పుడు సుధాకర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. కిలో ప్యాకెట్టు పంపితే పెట్టెతో కలిసి కిలో దాటి కిలోన్నర రేటు పడుతోంది. ప్యాకెట్టు తొమ్మిది వందల గ్రాములు చేస్తే పెట్టెతో కూడా కిలోలోపే ఉంటుంది, కొన్నవాళ్ళకు చార్జీ కలిసొస్తుంది. మంచి ఆలోచనే. నాకు నచ్చింది. కవర్లు కొత్తగా అచ్చు వేయించారు. ఆర్డర్లు పెరిగాయి.

నెల తిరిగేసరికి బిల్లులో తేడా. షీటు కిలో చార్జీ చెప్పిన పార్సెళ్ళలో చాలావాటికి కొరియరు కిలోన్నర రేటు వేశాడు. అన్నిటికీ కాదు. అదే ఊరికి, అదే రోజు, అదే సరుకు పోయిన రెండు పెట్టెల్లో ఒకదానికి కిలో రేటు, ఇంకోదానికి కిలోన్నర. కొరియరు ఆఫీసుకు ఫోను చేస్తే, నెల్లూరులో మిషను తూస్తుంది, మేం కాదు అన్నారు.

మా గదిలో మూత వేసిన పెట్టెను ఎవరూ తూచేవాళ్ళు కాదు. షీటు కూడిక వేస్తోంది కదా, రెండోసారి తూకం దండగ పని అని సుధాకర్ గారే మాన్పించాడు. షీటు వచ్చాక కాటాకు చేపలు తూచడం ఒక్కటే పని మిగిలింది.

రెండో నెల కూడా అదే వచ్చింది. ఆయన నన్ను బయటికి పిలిచాడు. దుకాణంలో అందరికీ నేను అవ్వనే.

“అవ్వా, ఇంకొక్క నెల చూస్తా. మళ్ళా ఇట్టనే వస్తే ఆ పిల్లని మా బావ షెడ్డుకి పంపిచ్చేయ్. ఊరికే తీసేసినాననే మాట నాకొద్దు. పని చూపిచ్చినట్టు ఉంటది.”

వేళ్ళ సంగతి చెప్పాను. ప్లాస్టిక్ గ్లౌజులు ఇప్పిస్తాలే అన్నాడు. ఆ గ్లౌజుల్లోకి నీళ్ళు పోతే ఇంకా తొందరగా కుళ్ళుతాయని ఆయనకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఐసులో చెయ్యి పెట్టలేదు.

ఈ మాట నేను శ్రావణికి దాచలేదు. దాచితే ఏం లాభం. విని తలవంచుకుని బిల్లు ముందేసుకుంది.

బల్లల వెంట

మీరు నేర్చుకోవాల్సిన పద్ధతి ఇక్కడ ఉంది. ఆ పిల్ల ముందు ఊళ్ళ ప్రకారం చూసింది, తేడా అన్ని ఊళ్ళకూ ఉంది. సరుకు ప్రకారం చూసింది. నెత్తళ్ళలోనూ ఉంది, రొయ్యల్లోనూ ఉంది. తర్వాత ప్యాకింగు చీటీలు తెప్పించుకుంది. ఏ పార్సెలు ఏ బల్ల మీద కట్టారో వాటిలో ఉంటుంది. బిల్లులో ఉన్న పార్సెలు నంబరు కొడితే ప్యాక్ చేసిన మనిషి పేరు పక్కన పడేట్టు ఇంకో లుకప్ రాసింది. చార్జీ వెతికే పనికి నేర్చుకున్నది మనిషిని వెతకడానికీ పనికొస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసినందుకు సంతోషమేమీ కలగలేదు.

నన్ను పిలిచి స్క్రీను చూపించింది. తేడా పడిన వరుసల పక్కన పైనుంచి కిందికి దాదాపు ఒకటే పేరు. పోలమ్మ. మధ్యమధ్యలో ఎక్కడో ఇంకొకరు.

ఇద్దరం లేచి పోలమ్మ బల్ల ఎదురుగా నిలబడ్డాం. కాటా మీద కవరు పెట్టి నెత్తళ్ళు పోసింది. తొమ్మిది వందలు. గ్రాము అటూ ఇటూ లేదు. కవరు కాటా మీద నుంచి దించింది. దించాక, పక్క బుట్టలో చెయ్యి పెట్టి నిండా ఒక పిడికెడు తీసి కవరులో వేసి, మూతి అంటించింది.

కొసరు.

ఎండుచేపలు అమ్మిన ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ కొసరు వేయకుండా సరుకు చేతికివ్వరు. సంతలోనైనా అంతే, పెట్టెలో పెట్టి ఢిల్లీ పంపినా అంతే. తూకం దుకాణానిది, కొసరు చేతిది. కాటా దించాకే వేయాలి. ప్యాకింగులో అన్ని బల్లల మీదా అందరూ వేస్తారు, నేనూ వేసినదాన్నే. అది కూడా బరువే అన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. కిలో ప్యాకెట్ల రోజుల్లో పెట్టె ఎటూ కిలోన్నర మెట్టులో ఉండేది కాబట్టి ఆ పిడికెడు ఎవరికీ కనపడలేదు. తొమ్మిది వందలు చేశాక మెట్టు అంచున నిలబడ్డ పెట్టెను అది పైకి తోసేసింది. పోలమ్మ చెయ్యి పెద్దది, మనసు కూడా. మిగతావాళ్ళ పిడికెడు చాలావరకు అంచు లోపలే ఆగింది.

గదిలోకి వచ్చాక శ్రావణి కూర్చోలేదు.

“నేను చెప్పను అవ్వా.”

“చెప్పకపోతే షెడ్డుకి పోతావు.”

“ఆ చేత్తోనే కదా నాకు అన్నం పెట్టింది. ఎవరు అని అడుగుతాడు ఆయన. పేరు చెప్పించుకుంటాడు. పోలమ్మత్తని తీసేస్తాడు.”

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, అయినా దాని మీదే చూపించాను. నువ్వు పోయినా పెట్టెలు అట్లాగే బరువుంటాయి, బిల్లు అట్లాగే వస్తుంది, అప్పుడు ఇంకొకరు పోతారు, నీ మంచితనం వల్ల ఒక్క గ్రాము కూడా తగ్గదు అన్నాను. అయితే మనిషి పేరు లేకుండా చెబుతానంది శ్రావణి. అందరి కొసరూ తూచి, సరాసరి ఒక అంకె తేల్చి, షీటులో కొసరుకు ఒక గడి పెడతానంది. చేప, పెట్టె, కొసరు, మూడూ కలిపితే వచ్చిన బరువునే లుకప్ వెతుకుతుంది.

మధ్యాహ్నం చిన్న కాటా పట్టుకుని బల్లల దగ్గరికి పోయింది. మిగతా ఆడవాళ్ళు నవ్వుతూ పిడికెళ్ళు తూపించారు. నా చెయ్యి పిసినారిదని పెళ్ళయిన రోజే మా అత్త చెప్పింది, ఇప్పుడు మిషను కూడా చెప్పింది అని ఒకామె అంటే అందరూ పడీపడీ నవ్వారు. పోలమ్మ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ఆమె చెయ్యి బుట్టలోంచి తీయలేదు.

“కొసరు తూసేదేందిమే?”

“ఊరికే అత్తా. ఎంతుంటదో తెలవాలని.”

“తూస్తే అది కొసరెట్టా అవుద్ది? తూకమే అవుద్ది.”

శ్రావణి నా వైపు చూసింది. పార్సెల్ గదికి పెద్దను కాబట్టి, వేయి పోలమ్మా, నేను చెబుతున్నాను అన్నాను. వేసింది. పిడికెడు కాదు, మూడు వేళ్ళ మధ్య పట్టినన్ని. కాటా మీద పడేసి లేచి నీళ్ళ కుండ దగ్గరికి పోయింది. ఆ అంకె శ్రావణి రాసుకోలేదు.

ఓనరు ముందు

శనివారం సుధాకర్ గారు వచ్చారు. శ్రావణి షీటు తెరిచి, బిల్లు పక్కన పెట్టి, సంగతి కొసరని చెప్పింది. అనుకున్నట్టే ఆయన మొదటి మాట అదే.

“ఎవరి చెయ్యి?”

పేర్లు పడిన ఆ లుకప్ అదే ఫైలులో పక్క షీటులో ఉంది. ఒక్కసారి నొక్కితే కనపడుతుంది. ఆ పిల్ల మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది.

“అందరిదీ అన్నా. ఏ ఒక్కరిదీ కాదు. తప్పు నాది. కొసరుకి గడి పెట్టలేదు.”

ఆయన ఆ పిల్ల ముఖం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను రేట్ల కాగితం వైపు చూశాను. అయితే సులువే అన్నాడు ఆయన. ఎనిమిది వందల యాభై తూచి, పైన కొసరు వేసి తొమ్మిది వందలు చెయ్యండి, కవరు మీద తొమ్మిది వందలనే ఉండనీ అన్నాడు. అంటే కొన్న మనిషికి కొసరు పడ్డట్టు కనపడుతుంది, పడదు. వాళ్ళ బరువులోంచే తీసి వాళ్ళకే పెట్టడం. ఆయనకు అందులో తప్పు కనపడలేదు. నిజంగానే కనపడలేదు.

నేను అప్పుడు మాట్లాడాను. అట్లాగైతే కొసరే వద్దు, మానేస్తాం, పెట్టినట్టు నటించడం మా చేత కాదు అన్నాను. లేదంటే కవరు మీద ఎనిమిది వందల యాభై అనే అచ్చు వేయించు, ధర ఆ మేరకు తగ్గించు, కొసరు దానిపైన పడుతుంది, పెట్టె కిలో దాటదు. శ్రావణి అంకెలు కొట్టి చూపించింది. అచ్చయిన కవర్లు దండగ అవుతాయని ఆయన మూలిగాడు. మిగిలిన కవర్ల మీద చీటీ అంటిస్తామన్నాను. నాకు మాత్రం కవర్లు పారేయడం ఇష్టమా?

“సరే కానీండి. నెలాఖరుకి చూస్తా” అని లేచాడు.

పిడికెళ్ళు ఒక్కలాగా ఉండవు కాబట్టి బల్లకొక చిన్న టీ గ్లాసు పెట్టాం. గ్లాసు నిండా వేస్తే కొసరు. మూత వేసిన ప్రతి పెట్టెనూ కాటా మీద పెట్టడం కూడా ఆ రోజు నుంచే. మీరు మానకండి, ఎవరు మానమన్నా. షీటుకు మీరు కొట్టిందే తెలుసు, పెట్టెలో ఏముందో తెలియదు. రేటు మారిన రోజున పట్టిక మార్చండి, పాత పట్టికను పక్కన తారీఖు వేసి ఉంచండి.

నెలాఖరు బిల్లు, మేము చెప్పిన చార్జీలూ ఒకటిగా వచ్చాయి. సుధాకర్ గారు కాగితం చూసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఏమీ అనకపోవడమే ఆయన ఉండమనడం. శ్రావణి కుర్చీ నిలబడింది. ఈరోజుకీ ఆ కుర్చీలో ఉంది. మీకు పని నేర్పేది ఆ పిల్లే.

బిల్లు కలిసిన ఆ సాయంత్రం శ్రావణి వేరుశనగ ఉండలు కొనుక్కొచ్చి బల్లబల్లకూ పంచింది. పోలమ్మ తీసుకుంది, నోట్లో వేసుకోలేదు. కాగితంలో చుట్టి కొంగున కట్టుకుంది. ఆమెకు పక్క షీటు సంగతి ఎవరూ చెప్పలేదు. ఓనరు ఎవరు అని అడిగితే ఈ పిల్ల ఏమందో కూడా తెలియదు. చెబితే, మొదట ఆమె పేరు వెతికి తీసిన మాట కూడా చెప్పాలి. అందుకని శ్రావణి చెప్పవద్దంది, నేను చెప్పలేదు.

“నిలబడినావు గదా, పో, కూచో” అంది పోలమ్మ. “ఇంకమీదట ఈ కొసరు నీదిమే. నాది కాదు.”

శ్రావణి తలూపి గదిలోకి పోయింది. వ్యాను వచ్చే వేళయింది, కానీండి అన్నాను నేను. పోలమ్మ గ్లాసును బుట్టలో ముంచి తీసింది. అంచు పైకి పొడుచుకొచ్చిన రెండు నెత్తళ్ళను వేళ్ళతో పట్టి మళ్ళీ బుట్టలో వేసి, మిగతావి కవరులో వంచింది.